ప్రోటీన్ మానేసిన ఊళ్ళకు

విదేశాలు చూసొచ్చినవాళ్ళు రాస్తారు, తీర్థాలు చేసొచ్చినవాళ్ళు రాస్తారు. నేను గుంటూరును ఆనుకుని ఉన్న మా నల్లపాడులో రైలెక్కి దర్శి వైపు ఒక ఊరికి, అక్కడి నుంచి కనిగిరికి వెళ్ళి, మూడో రోజు సాయంత్రానికి గుంటూరు చేరాను. దీన్ని కూడా యాత్ర అంటున్నందుకు నవ్వుకోకండి. ఆ దారిన మీలో కొందరు వెళ్ళి ఉండొచ్చుగాని, నేను వెళ్ళిన పని మీద మాత్రం ఎవరూ వెళ్ళి ఉండరు. నేను రాసిన రెండు వాక్యాలు నాకంటే ముందే అక్కడికి చేరి, ఇళ్ళలో పెత్తనం చేస్తున్నాయని బయల్దేరేటప్పటికి నాకు తెలియదు.

నా పేరు ఎస్తేరు. గుంటూరులో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న మాధవి ఇప్పుడు అదే ఊళ్ళో క్యాన్సర్ డాక్టరు. కిందటి ఏడాది ఆ అమ్మాయి నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చి, పేషెంట్లకు ఇవ్వడానికి తెలుగు చేసిపెట్టమంది. విషయం ఇదీ. కొందరి రొమ్ము క్యాన్సర్ కణాల మీద హెర్-టూ అనే ప్రోటీన్ ఒకటి మామూలు కణాల మీద కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి అతుక్కునే మందు ఉంది. జబ్బులతో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీల్లాంటిదే, కాకపోతే దీన్ని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. అది వెళ్ళి అతుక్కుంటే కణానికి పెరగమని చెప్పే సంకేతం తగ్గుతుంది, మన రక్షక కణాలు వచ్చి దాని పని పడతాయి. మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు.

ఆ నాలుగు పేజీలకు నేను పన్నెండు రోజులు తీసుకున్నాను. అందులో రెండు రోజులు 'మాంసకృత్తు' అనాలా 'ప్రోటీన్' అనాలా అన్న ఆలోచనకే పోయాయి. చివరికి అందరికీ తెలిసిన మాటే మేలని ప్రోటీన్ అన్నాను. రెండో పేజీలో ఇలా రాశాను: "మీ కణితిలో ప్రోటీన్ ఎక్కువగా ఉంది. ఈ మందు ఆ ప్రోటీన్‌పై దాడి చేస్తుంది." చదివిన మాధవి, టీచర్, పాఠం చెప్పినట్టే ఉంది అంది. నేనది పొగడ్త అనుకున్నాను.

ఈ ఫిబ్రవరి చివర్లో ఆమె ఫోన్ చేసింది. కనిగిరిలో మరియమ్మ అనే పేషెంటు ఉందట. బరువు బాగా తగ్గిపోతే, తేరుకున్నాక మందు ఎక్కిద్దామని ఒక వారం ఆగమన్నారు. వారం దాటి ఇంకో రెండు వారాలైనా రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. దర్శి దగ్గర సుబ్బారావు గారని ఒక రైతు ఉన్నాడు, ఆయన భార్య పార్వతమ్మకూ ఇదే మందు, ఆ వైపు పేషెంట్లకంతా ఆయనే పెద్ద, ఆయన్ను అడిగితే మరియమ్మ ఇల్లు తెలుస్తుంది. ఆస్పత్రి తరఫున ఊళ్ళు తిరిగే మనిషి సెలవులో ఉన్నాడు. పనిలో పనిగా మన కాగితం వాళ్ళకు అర్థమైందో లేదో కూడా చూసొస్తారా అని అడిగింది. అర్థం కాకపోవడమేమిటి, నా తెలుగు! చూసే వద్దామని బయల్దేరాను.

రైల్లో

ఉదయం ప్యాసింజరు రైల్లో నా ఎదురుగా ఒక పెద్దమనిషి నాలుగు అట్టపెట్టెలతో కూర్చున్నాడు. పెట్టెల నిండా ప్రోటీన్ పొడి డబ్బాలు. వినుకొండలో మందుల షాపులకు వేస్తాడట. ఈ దేశంలో పిల్లాడి నుంచి ముసలాడి దాకా అందరికీ ప్రోటీన్ తక్కువేనని, అది తెలియకే జనం గుండెపోట్లతో పోతున్నారని నాకు బోధించాడు. ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పిన దాన్ని కాబట్టి తల ఊపుతూ విన్నాను. నా వయసు అడిగాడు, మోకాళ్ళ సంగతి అడిగాడు, డబ్బా చేతిలో పెట్టాడు. డబ్బా ధరకు మా ఇంట్లో నెల రోజులు పప్పు వండుకోవచ్చు.

మర్యాదకు ప్రతిగా నేనూ సంచిలోంచి నా కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండో పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ప్రోటీన్ ఎక్కువుందని రాశారే. ఎక్కువైతే కణితొస్తదా అండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

అది వేరే ప్రోటీన్ అన్నాను. వేరే అంటే ఏ కంపెనీది అన్నాడు. కంపెనీ కాదు, కణం మీద ఉండేది అని చెప్పబోతుంటే నరసరావుపేట వచ్చింది, బజ్జీల బుట్ట ఎక్కింది. ప్లేటు ఇరవై రూపాయలు, మధ్యలో ఉల్లిపాయ, పైన నిమ్మకాయ. ఆ ఘాటుకు ఇద్దరం చర్చ మరిచిపోయాం. దిగేటప్పుడు మాత్రం ఆయన, అమ్మా, ఈ కాగితం మా షాపులవాళ్ళకు చూపించొద్దు అని బతిమాలుకున్నాడు. నాకు అక్కడే అర్థం కావాల్సింది. కాలేదు. మంచి జోకని నవ్వుకున్నాను.

దర్శి దగ్గర, కళ్ళంలో

కురిచేడులో దిగి ఆటో పట్టుకుంటే, దర్శి దగ్గరపడేకొద్దీ పొలాల్లో రెండే రంగులు. ఏరగా మిగిలిన పత్తి తెల్లగా, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా. సుబ్బారావు గారు కళ్ళంలోనే ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల లుంగీ, జేబులో రెండు పెన్నులు. పక్కన ఆడవాళ్ళు కూర్చుని కాయలు ఏరుతున్నారు. నేను నమస్కారం పెట్టేలోపే తుమ్ములు మొదలయ్యాయి. పదమూడు లెక్కపెట్టి ఆపేశాను. ఏరేవాళ్ళలో ఒక్కరు కూడా తుమ్మలేదు, నవ్వుకోవడం మాత్రం నవ్వుకున్నారు.

ఇంటికి తీసుకెళ్ళారు. గుంటూరులో పేరు చెబితే ఉద్యోగం అడుగుతారు, ఇక్కడ పేరు చెబితే ఊరు, ఊరు చెబితే వీధి అడుగుతారు. నా పేరులోనే నా వీధి ఉంటుంది కనుక ఆయనకు ఎక్కువ శ్రమ కలగలేదు. నాకు మాత్రం కాఫీ ఏ గ్లాసులో వస్తుందా అని ఆత్రం కలిగింది. స్టీలు గ్లాసులోనే వచ్చింది, మంచి బరువైన గ్లాసు. లోపల పాలు లేవు. గుమ్మం ముందు రెండు పాడి గేదెలు నెమరేస్తున్న ఇంట్లో నల్ల కాఫీ! గ్లాసు విషయంలో గెలిచి కాఫీలో ఓడిపోయినట్టైంది. పాలన్నీ కేంద్రానికి పోస్తారేమో, పొదుపరి మనిషి అనుకున్నాను.

భోజనంలో అన్నం, వంకాయ కూర, పండుమిర్చి పచ్చడి, చింతపండు చారు. పప్పు లేదు, పెరుగు లేదు, మజ్జిగ లేదు. కంది పండే నేల మీద పప్పు లేని భోజనం నేను చూడటం అదే మొదటిసారి. పచ్చడి కలిపిన చేత్తో కన్ను నులుముకోవడం అనే పని ఒకటో తరగతి పిల్లలు చేస్తారని మీరనుకుంటారు. జీవశాస్త్రం టీచర్లూ చేస్తారు. పార్వతమ్మ గబగబా తడిగుడ్డ తెచ్చింది. మనిషి చామనచాయ, పొట్టిగా ఉన్న జుట్టు అప్పుడప్పుడే ఒత్తుగా వస్తోంది, మొహం కళగా ఉంది.

కన్ను తెరిచేసరికి ఎదురుగా గోడ మీద అంటించిన కాగితం కనిపించింది. ముత్యాల్లాంటి చేతిరాత. పైన 'పత్యం' అని, దాని కింద వరసగా: పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, మాంసం, వేరుశనగ, సోయా. చివర 'తినరాదు' అని రెండు గీతలు. వరస చూడగానే గుర్తుపట్టాను. ప్రోటీన్లు లభించే పదార్థాలు అని పిల్లలచేత ఏటా బట్టీ పట్టించిన వరస అది.

ఇదేమిటండీ అని అడిగాను. సుబ్బారావు గారు సంతోషంగా చెప్పారు. మీ కాగితం చదివాక మనవరాలి సైన్సు పుస్తకం తిరగేసి, ప్రోటీన్ వేటిలో ఉంటుందో అన్నీ ఏరి రాశారట. మందు ఎక్కించే రోజున ఆస్పత్రిలో పక్క పక్క కుర్చీల్లో మూడేసి గంటలు కూర్చుంటారు కదా, మిగతావాళ్ళకు కూడా మేలు జరగాలని జిరాక్సులు తీసి పంచారట.

అలా ఎక్కడుంది, మానమని నేను రాయలేదే అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "షుగరు ఎక్కువుందంటే ఏం చేస్తామండీ? చక్కెర మానేస్తాం. బీపీ ఎక్కువుందంటే ఉప్పు మానేస్తాం. ప్రోటీను ఎక్కువుందని మీరే అచ్చేశారు. మరి ఏం మానాలి టీచర్ గారూ?"

నా సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అంత సూటిగా అడగలేదు. మంచినీళ్ళు తాగాను. పన్నెండు రోజుల్లో రెండు రోజులు పోగొట్టుకుని ఎంచుకున్న మాట అది. మాంసకృత్తు అని రాసి ఉంటే పాపం మాంసం ఒక్కటే మానేసేవాళ్ళు.

తర్వాత నిదానంగా చెప్పాను. తిన్న ప్రోటీన్ పొట్టలోనే ముక్కలైపోతుందని, కణితి మీదున్న హెర్-టూ అనేది ఆ కణం తనంతట తాను తయారుచేసుకునేదని, పప్పు తిన్నా మానినా అది పెరగదు తగ్గదని, ఈ వైద్యంలో ఉన్నవాళ్ళు నిజానికి పప్పూ గుడ్డూ పాలూ బాగా తినాలని. చివర్లో, ఎంతమందికిచ్చారు జిరాక్సులు అని అడిగితే, నలుగురికి అన్నారు. కనిగిరి మరియమ్మకు చూపు సరిగా ఆనదు, అందుకని చదివి వినిపించి మరీ ఇచ్చారట.

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నారు. "అయితే ఇన్నాళ్ళూ పార్వతిని నేను మాడ్చానన్నమాట," అన్నారు. ఆ మాట అని కళ్ళంలోకి వెళ్ళిపోయారు.

వంటింట్లో

నేను వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. పార్వతమ్మ గిన్నెలు సర్దుతూ, ఆయన గేటు దాటారా అని అడిగింది. దాటారన్నాను. బియ్యం డబ్బా మూత తీసి, బియ్యంలో చేయి పెట్టి రెండు గుడ్లు బయటికి తీసింది.

రోజూ ఆయన పొలానికెళ్ళాక ఒకటి ఉడకబెట్టుకుని తింటుందట. గేదె పాలు పితికేటప్పుడు చెంబులో ఒక గుక్క కూడా. మానలేకపోయానండీ, ఒళ్ళు తూలిపోయేది అని చెప్పింది. ఆమె ఎందుకు కళగా ఉందో అప్పుడు తెలిసింది. నాకు నవ్వొచ్చింది. మీరు చేసిందే రైటు, నా తెలుగుకంటే మీ ఆకలికే సైన్సు బాగా తెలుసు అన్నాను. ఆమె నవ్వలేదు.

"పోయినసారి స్కానింగుకు ముందు నాకు కునుకు పట్టలేదండీ. నేను తిన్న గుడ్లన్నీ ఆ ఫోటోలో కనపడతాయనుకున్నా. ఆయన అంత కష్టపడి రాసిపెడితే, నేను దొంగతనంగా తిని రోగం పెంచుకుంటన్నానని."

నా రెండు వాక్యాలు ఆ ఇంట్లో ఒకరిని నేరస్థుణ్ణి చేశాయి, ఇంకొకరిని దొంగను చేశాయి. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవాలనే చూశారు. ఆయనకు ఈ గుడ్ల సంగతి చెప్పొద్దని, బాధపడతారని ఆమె నా దగ్గర మాట తీసుకుంది. ఆ పూట అక్కడే ఉన్నాను. రాత్రి భోజనంలోకి ముద్దపప్పు వండింది. ఆయనే భార్య కంచంలో రెండుసార్లు వడ్డించారు. పొద్దున నేను బయల్దేరేసరికి గోడ మీద కాగితం లేదు, అంటించినచోట సున్నం పెచ్చు ఊడి ఉంది.

పొదిలి బస్టాండు

కనిగిరికి పొదిలి మీదుగా బస్సు. పొదిలిలో దిగగానే చెప్పు తెగింది. ఒంటిచెప్పుతో బస్టాండంతా దాటి, గోడవార కూర్చున్న చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. పదిహేను రూపాయలడిగాడు. గుంటూరులో ముప్పై కంటే తక్కువ కుట్టరు. కుడుతూ, ఏం పని మీద వచ్చావమ్మా అంటే చెప్పాను. సుబ్బారావు గారి చీటీ సంగతి విని ఆయన ఆశ్చర్యపోలేదు.

"మందు మింగేవాడికి పత్యం లేకపోతే అది మందెట్టా అయిద్దమ్మా? మీ డాక్టర్లు ఏది మానాలో చెప్పరు. చెప్పకపోతే మేమే ఎతుక్కుంటాం," అన్నాడు.

నిజమే. మా గుంటూరులో డాక్టరు దగ్గర లేచేముందు, ఏం తినాలండీ అని అడుగుతాం. ఇక్కడ ఏం తినకూడదండీ అని అడుగుతారు. పసరు మందుకు వంకాయ మానాలి, కామెర్లకు నూనె మానాలి, బాలింత చన్నీళ్ళు మానాలి. మందు ఎంత గొప్పదైతే పత్యం అంత కఠినంగా ఉండాలి. అంత దూరం వెళ్ళి మూడు గంటలు ఎక్కించుకునే మందుకు ఏ పత్యమూ లేదంటే నమ్మేదెవరు? ఆ ఖాళీలో నా రెండు వాక్యాలు సరిగ్గా సరిపోయాయి. నాలుగు పేజీల్లో ఎక్కడా తిండి మాటే లేదు, ఇంగ్లీషు కాగితంలో లేదు కాబట్టి నేనూ రాయలేదు.

ముసలాయన కుట్టిన చెప్పు ఇస్తూ రెండోది కూడా ఇమ్మన్నాడు. అది బాగానే ఉందిగా అంటే, వచ్చే వారం తెగిద్ది అని, అడగకుండానే రెండు కుట్లు వేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

కనిగిరి

కనిగిరిలో కొండ మీద కోట ఉంది, చూడదగ్గదంటారు. నేను కిందనుంచి చూశాను. బస్టాండు పక్కన నీళ్ళ క్యాను ఇరవై రూపాయలు. ఇక్కడ బోరు నీళ్ళు తాగితే పళ్ళూ ఎముకలూ పాడవుతాయని తాగేనీళ్ళు కొనుక్కుంటారు. మా నల్లపాడులోనూ కొంటాం, మాకు ఫ్యాషను, వీళ్ళకు తప్పనిసరి.

సుబ్బారావు గారు చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి వెనక వీధిలో మరియమ్మ ఇల్లు పట్టుకున్నాను. స్లాబు గది, ముందు రేకుల పంచ. వాకిట్లో ఆమె అక్క సారమ్మ చింతపండు గింజ తీస్తోంది. వందనాలమ్మా అని, ఆస్పత్రి నుంచి వచ్చానని చెప్పాను. ఇప్పుడు గుర్తొచ్చామా అని లోపలికి దారిచ్చింది.

మరియమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య ఇమిడేలా ఉంది. మంచం పైన గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కన సుబ్బారావు గారి ముత్యాల చేతిరాత. పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు.

ఎందుకు రాలేదమ్మా అని అడిగితే నెమ్మదిగా చెప్పింది. మొదట్లో బాగానే ఉందట. పప్పు మానేసింది, గుడ్డు మానేసింది. ఒంట్లో సత్తువ తగ్గింది. మందు పనిచేస్తోంది, రోగంతోపాటు ఒళ్ళు కూడా కరుగుతోందనుకుంది. తర్వాత ఆస్పత్రిలో తూకం చూసి, ఇలా ఉంటే మందు ఎక్కించలేం, తేరుకుని రా అన్నారు. తేరుకోవాలంటే పత్యం ఇంకా గట్టిగా చేయాలనుకుంది. చర్చిలో ఎవరో బియ్యంలో కూడా కొంచెం ప్రోటీన్ ఉంటుందన్నారట. ఆ రోజు నుంచి అన్నం కూడా సగం చేసింది. ఇంత చేసినా తూకం పడిపోతుంటే, ఇక మందుకు లొంగే రోగం కాదని, ఛార్జీలు దండగని, ఫోను పక్కన పెట్టేసింది. వారానికి రెండు రోజులు ఉపవాస ప్రార్థన కూడా పెట్టుకుంది.

"ఎక్కడో తప్పు చేస్తన్నాను టీచరమ్మా," అంది. "అదేందో తెలవక చస్తన్నా."

తప్పు చేసింది నువ్వు కాదమ్మా, నేను అన్నాను. ఆ కాగితం రాసింది నేనేనని, అది అలా అర్థమవుతుందని నాకు తట్టలేదని, తిండికీ దానికీ సంబంధం లేదని చెప్పాను. ఎలాగో ఒకలా చెప్పుకుంటూ పోయాను. వాక్యాలు అంత సజావుగా రాలేదు. సారమ్మ చింతపండు చాట కింద పెట్టి లోపలికి వచ్చింది.

"రెండు నెల్లు మా చెల్లిని మాడ్చింది నువ్వా?" అని అడిగింది. అరవలేదు. "పప్పు తిరగమోత ఏస్తే వాసనొస్తదని, ఈ ఇంట్లో నేను కూడా తినలేదు. పక్కింట్లో ఏస్తే ఇది దుప్పటి కప్పుకుని పడుకునేది. చదువుకున్నదానివి, నీకు తెలవదా?"

నాకు తెలియదమ్మా, క్షమించండి అన్నాను. బళ్ళో అంతమంది పిల్లలను మోకాళ్ళ మీద నిలబెట్టాను. నేను నిలబడటం అదే మొదలు.

విచిత్రం ఏమిటంటే, నన్ను నమ్మనిది మరియమ్మే. సారమ్మ వెంటనే నమ్మి పొయ్యి వెలిగించడానికి లేచింది. మరియమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "మీరు నా మీద జాలితో చెప్తన్నారు. అది అచ్చులో ఉంది గదండీ." దాన్ని అచ్చు వేయించింది నేనే అంటే, అయితే అప్పుడు బాగా ఆలోచించే రాసుంటారుగా అంది. నా అచ్చు ముందు నా నోటిమాట చెల్లలేదు.

మాధవికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. కాగితంలో మాట తప్పు, చూసుకోకపోవడం నాది కూడా తప్పే, కొంచెం కొంచెంగా మొదలుపెట్టి అన్నీ తిను అని ఆ అమ్మాయి చెప్పింది. మరియమ్మ చేతులు జోడించి విని, సరేనమ్మా అంది. ఫోన్ పెట్టేశాక, మరైతే ఈ మందు దేన్ని కొడుతుందని నన్ను అడిగింది.

ఆమె ఏళ్ళ తరబడి మిరపకాయలు ఏరిన మనిషి. నువ్వు తాలుకాయను ఎలా ఏరతావు అని అడిగాను. రంగు వెలిసి తెల్లగా మచ్చపడి ఉంటది గదా, చెయ్యి దానంతట అదే పోతది అంది. ఆ మచ్చ కాయకు ఎక్కడి నుంచి వచ్చింది, నువ్వు తిన్న అన్నంలోంచా అన్నాను. కాయలోనే వస్తది అంది. నీ కణితి కణాల మీద హెర్-టూ అలాంటి గుర్తు, ప్రోటీన్ అనేది దానికి మేం పెట్టిన పేరు, పప్పులో ఉన్నదానికి కూడా అదే పేరు పెట్టి ఇంత పని చేశాం, మందు ఆ గుర్తును చూసి కణాన్ని ఏరుతుంది అన్నాను. మంచి కణాల మీద కూడా ఆ గుర్తు కాస్త ఉంటుందని, అందుకే ఎప్పటికప్పుడు గుండె స్కాను చేసి చూసుకుంటూ ఉంటారని చెప్పాను.

ఆమె తన చేతులు చూసుకుంది. "ఏరేటప్పుడు మంచి కాయలు కూడా ఒకటో రెండో పోతయి," అంది. "అది నాకు తెలుసు."

తర్వాత నా కాగితం తెప్పించి, ఆ రెండు వాక్యాలు కొట్టెయ్యమంది. కొట్టేశాను. పక్కన అన్నీ తినవచ్చు అని రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. ముద్ర లేదా అని అడిగింది. సారమ్మ పొయ్యి దగ్గర నుంచే, ముద్ర నేనేస్తా రమ్మను అంది. గదిలో మొదటిసారి ముగ్గురం నవ్వాం.

కందిపప్పు ఉడికాక మెత్తగా ఎనిపి, గిన్నెలో రెండు గరిటెలు తెచ్చింది. మరియమ్మ ప్రార్థన చేసింది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఆమేన్ రాదు. చివరికి తెరిచి చూస్తే, ఆమె ప్రార్థన ఎప్పుడో అయిపోయింది, గిన్నె కూడా ఖాళీ అవుతోంది. ఏడుస్తూ తింటోంది, తింటూనే ఉప్పు తక్కువైందని అక్కకు చెబుతోంది.

మర్నాడు అక్కాచెల్లెళ్ళిద్దరినీ తీసుకుని గుంటూరు బస్సెక్కాను. దారి పొడుగునా సారమ్మ నాతో మాట్లాడలేదు. అద్దంకి దగ్గర అరటిపళ్ళు కొని, చెల్లెలికి రెండిచ్చి, కాసేపాగి నాకూ ఒకటిచ్చింది.

వచ్చాక

మరియమ్మను వారం రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని, రక్తం, గుండె చూసి, మళ్ళీ మందు మొదలుపెట్టారు. మధ్యలో పోయిన వారాల వల్ల ఎంత నష్టం జరిగిందో ఇప్పుడే చెప్పలేమని మాధవి నాకు విడిగా చెప్పింది. నేను ఊరడించే మాటల కోసం చూశానుగాని, ఆ అమ్మాయి నా దగ్గరే సైన్సు చదువుకుంది, లేనిది చెప్పదు.

సుబ్బారావు గారు జిరాక్సులు ఇచ్చిన మిగతా ముగ్గురి ఇళ్ళకూ స్వయంగా వెళ్ళి కాగితాలు వెనక్కి తీసుకున్నారట. ఒక ఇంట్లో ఇవ్వనన్నారట, దానివల్ల నడుంనొప్పి తగ్గిందని. పార్వతమ్మ గుడ్ల సంగతి ఆయనకు తనే చెప్పేసింది. ఇప్పుడు ఆయనే పొద్దున్నే ఉడకబెట్టి పెడుతున్నారు. ఎలా ఉన్నాయమ్మా గుడ్లు అని అడిగితే, ఆయన చూడకుండా తిన్నప్పటి రుచి లేదండీ అంది.

కొత్త కాగితం నేనొక్కదాన్నే రాయలేదు. మందు ఎక్కించే గదిలో కుర్చీ వేసుకుని, ఒక్కో వాక్యం చదివి, మీకేం అర్థమైందో చెప్పండి అని అడుగుతూ రాశాను. ఈసారి పన్నెండు రోజులు చాలలేదు, రెండు నెలలు పట్టింది. మొదటి పేజీలో తిండి సంగతి ఉంది.

మరియమ్మకు తిరిగి మొదలుపెట్టాక మూడోసారి ఎక్కించే రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. చేతికి సూది, ఒడిలో టిఫిన్ డబ్బా. మణికట్టు కొంచెం పూడింది. పక్క కుర్చీలో ఆ రోజే మొదటిసారి వచ్చిన ఒకామె బిక్కచచ్చి కూర్చుంది. నర్సు వెళ్ళగానే మరియమ్మ ఆమెను, పొద్దున ఏం తిన్నావు అని అడిగింది. ఏమీ తినలేదు, కడుపు ఖాళీగా ఉండాలేమోనని రాత్రి కూడా తినలేదు అందామె. తర్వాత గొంతు తగ్గించి, అక్కా, ఈ మందుకు ఏం మానాలి అని అడిగింది.

నా చేతిలో కొత్త కాగితం ఉంది. లేచి ఇవ్వబోయాను. మరియమ్మ సూది లేని చేత్తో డబ్బా మూత తీసింది. పప్పన్నం, ఉడికిన గుడ్డు. గుడ్డును వేళ్ళతో సగానికి విరిచి, మూతలో అన్నం పక్కన పెట్టి, ఆమె ఒళ్ళోకి నెట్టింది.

"ముందు తిను," అంది. "మాటలు తర్వాత."